వాల్చని సీటు

షాపు నుంచి, నిలబడి

పరమ పూజ్యురాలైన అక్కగారి సముఖానికి,

మిక్కిలి విచారంతో తెలియజేయడమేమనగా, మన షాపులో చిరకాలం సేవలందించిన మూడు కాళ్ళ స్టూలు నిన్న పొద్దున టీ వేళకి కన్నుమూసింది. కొంతకాలంగా కుంటుతూనే ఉంది పాపం, ఎవరికీ చెప్పుకోలేదు. చివరి క్షణాల్లో దాని మీద ఉన్నది నేనే. ఇద్దరం కలిసే కింద పడ్డాం. నేను లేచాను, అది లేవలేదు. చప్పుడు విని మీ మరదలు పరిగెత్తుకొచ్చి, స్టూలు వైపు చూసి, అయ్యో మంచి కర్ర అంది. నా వైపు చూడలేదు.

ఈ దుర్వార్త విని నువ్వు వెంటనే కళ్ళనీళ్ళు పెట్టుకోనక్కర్లేదు. ఒక ఉత్తరం ముక్క రాస్తే చాలు. నువ్వు రాసి వానలు వచ్చాయి, పోయాయి, చలి కూడా వచ్చి పోయింది. అసలు నాకు అక్క ఉందా, నాన్న పోతూ పోతూ నిన్ను ఎవరికైనా దత్తత ఇచ్చేసి పోయాడా అని అనుమానంగా ఉంది.

ఇక్కడ సీట్లు కుట్టే పని బాగానే ఉంది. ఎండలు ముదిరితే నాకు ఊపిరి సలపదు. రెక్సిన్ ఎండుటాకులా పెళుసెక్కి, ఎవరు కూర్చుంటారా చిరుగుదాం అని కాచుకుని ఉంటుంది. మొన్న ఒకాయన వచ్చి, సీటు దానంతటదే చిరిగిందండీ అన్నాడు. అవునండీ, మీరు రోజూ దాని మీదే కూర్చుంటుంటే విసుగొచ్చి చింపుకుని ఉంటుంది అన్నాను. నవ్వలేదు. బరువైన మనిషి.

బావ ఎలా ఉన్నాడు? ఇంకా రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీయేనా? తెల్లారేసరికి వేడి రొట్టె వాసనతో ఇంటికొచ్చే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు చెప్పు. ఆ పాత కారు బావని ఇంటికి తెస్తోందా, బావే దాన్ని తోసుకుంటూ తెస్తున్నాడా?

స్టూలు లేక నిలబడే రాసిన
నీ తమ్ముడు


పైవాటా, వంటింటి గుమ్మం దగ్గర

ఒరేయ్ తింగరోడా,

నీ స్టూలుకి నా సంతాపం. నిన్ను ఇన్నేళ్ళు మోసింది, ఇప్పటికి విముక్తి దొరికింది. మరదలు దాని వైపు చూడటంలో తప్పేమీ లేదు.

రాయలేదని దెప్పుతున్నావు కానీ రాయడానికి ఏముంటుంది? మేం బాగానే ఉన్నాం. ఫోన్ చేద్దామంటే అది కింద ఇంటావిడ హాల్లో ఉంది. నేను హలో అనకముందే ఆవిడ టీవీ సౌండు తగ్గించేస్తుంది. నీతో మాట్లాడినట్టు ఉండదు, ఆవిడకి కథ చెప్పినట్టు ఉంటుంది.

నీతో ఒక పని పడింది. కారులో డ్రైవరు సీటు చిరిగింది. నేనే చింపాను. రేకు పెట్టె ఒకటి సీటు మీద పెట్టాను, దాని మూల గుచ్చుకుని చీలిపోయింది. లోపలి స్పాంజి కనపడుతోంది. మీ బావకి ఆ కారంటే ప్రాణం అని నీకు తెలుసు కదా. ఆయనకి తెలియకుండా నేనే బాగు చేయాలి. నీ దగ్గరికి తెద్దామంటే ఒక పూట ప్రయాణం, పైగా నాకు నడపడం రాదు. ఇంట్లో సూది దారం ఉన్నాయి, బట్టలు కుట్టడం వచ్చు. ఇది కూడా అంతేగా? ఏం చేయాలో వివరంగా రాయి. ఎవరినో పంపిస్తాననకు. ఎవరూ రావద్దు.

మరదలికి నా మాటగా చెప్పు, ఆ మిగిలిన రెండు కాళ్ళు పొయ్యిలో పెట్టొద్దని. మంచి కర్ర.

అక్క


షాపు నుంచి, అరువు తెచ్చిన కుర్చీలో

అక్కా,

పెట్టె సంగతి చదివాను. ఒక్కటే అనుమానం. డ్రైవరు సీటు మీద పెట్టె ఎందుకు పెట్టావు? బండి అదే నడిపిందా? దానికి లైసెన్సు ఉందా?

కోప్పడకు. నా దగ్గరికొచ్చే వాళ్ళందరూ నాతో అబద్ధాలే చెప్తారు, నాకు అలవాటే. సీటు మాత్రం ఒక్క అబద్ధం ఆడదు. పెట్టె మూల గుచ్చుకుంటే చిరుగు మూల తిరిగి పడుతుంది, కవరు మూత తెరిచినట్టు. ఎండకి పోతే సన్నగా బీటలు పడుతుంది. దారం కుళ్ళితే కుట్టు వెంబడి నోరు తెరుస్తుంది కానీ రెక్సిన్‌కి ఏమీ కాదు. మనిషి వల్ల పోయిందనుకో, ఆ మనిషి ఎలా కూర్చుంటాడో అలాగే చిరుగుతుంది. వెనక జేబులో తాళంచెవుల గుత్తి పెట్టుకునేవాడిది ఒక చోట పోతుంది. కాలు ఈడ్చుకుంటూ దిగేవాడిది తలుపు పక్క అంచు పోతుంది. పెళ్ళాంతో మాట్లాడనివాడిది కిటికీ వైపు ఒరిగి ఒక పక్కే అణిగిపోతుంది. ఇది మాత్రం నా సొంత పరిశోధన.

నన్ను ఈ పనిలోకి దించిందే నాన్న కుర్చీ కదా. గుర్తుందా? చివరి ఏడాది చేతికర్ర పట్టుకుని ఆ చేతుల కుర్చీలోనే తెల్లవార్లూ కూర్చునేవాడు, దొంగ వస్తాడని. మనిద్దరం నమ్మేసి కిటికీ గడియలు ఒకటికి పదిసార్లు చూసుకునేవాళ్ళం. దొంగ రాలేదు కానీ కుర్చీ రెక్సిన్ పోయింది. దాన్ని బాగు చేయించుకు రమ్మని నన్ను షాపుకి పంపారు. నేను తిరిగి బడి ముఖం చూడలేదు. ఆ దొంగెవడో కానీ ఎత్తుకుపోయింది నా చదువు.

సరే, పనిలోకి వద్దాం. చిరుగు కుషన్ మీద ఎక్కడ ఉంది, ముందు అంచునా, మధ్యలోనా, వెనకా? చేత్తో నొక్కి చూడు, స్పాంజి ఎక్కడ అణిగిపోయింది, ఎక్కడ కొత్తదిలా ఉంది? స్టీరింగ్ కూడా ఒకసారి తడిమి చూడు, దాని తొడుగు ఎక్కడైనా అరిగిందా. సీటుని వెనక్కి వాల్చే పిడి తలుపు పక్కన కింద ఉంటుంది, అది తళతళలాడుతోందా, దుమ్ము పట్టి ఉందా? ఇవన్నీ రాస్తే కానీ మందు చెప్పను. డాక్టర్లు నాలుక చూపించమంటారు కదా, ఇదీ అంతే.

తమ్ముడు


పైవాటా, మెట్ల మీద కూర్చుని

ఒరేయ్,

పెట్టె లేదు.

నువ్వు అడిగినవన్నీ ఆయన స్నానానికి పైకొచ్చినప్పుడు దిగి చూశాను. చిరుగు ముందు అంచున ఉంది, తొడలు ఆనే చోట, ఈ చివరి నుంచి ఆ చివరికి వంకరగా. కుట్టు బాగానే ఉంది. ముందు భాగం బాగా అణిగిపోయింది, వెనక వైపు నొక్కితే కొత్త సీటులా పైకి లేస్తోంది. స్టీరింగ్ తొడుగు పైభాగం పొరలు పొరలుగా ఊడుతోంది. ఆ పిడి దుమ్ము పట్టి ఉంది. తిప్పి చూశాను, తుప్పుకి బిగుసుకుపోయి కదల్లేదు. ఇవన్నీ నీకెందుకో నాకు తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను. మరదలికి కూడా చెప్పకు.

ఎండలు మొదలయ్యే ముందు, ఆయన సెలవు రోజున పొద్దంతా కారు కడుగుతూ కూర్చున్నారు. భోజనానికి పిలిచి పిలిచి నాకు విసుగొచ్చి, ఆ కారునే కట్టుకోవాల్సింది, నన్నెందుకు కట్టుకున్నారు అన్నాను. ఇంటావిడ వినేలాగే అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చి పైకి రాలేదు. ఎంతకీ రాకపోతే కిటికీలోంచి చూశాను. కారులోనే ఉన్నారు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, చేతుల మీద తల పెట్టుకుని నిద్రపోతున్నారు. ఆ రోజు నుంచి ఇదే వరస. తిండికి వస్తారు, స్నానానికి వస్తారు, మళ్ళీ దిగిపోతారు. అందరూ తిరిగే వీధిలో, పట్టపగలు, పెళ్ళాం ఉన్న మనిషి కారులో పడుకుంటున్నాడురా.

గదిలో వేడిగా ఉంది అన్నారు. తడి దుప్పటి కట్టాను. ఫ్యాన్ చప్పుడు చేస్తోంది అన్నారు. నూనె వేయించాను. వీధిలో కార్లు దొంగలెత్తుకుపోతున్నారట, కాపలా ఉండాలట. నేను ఇంకేమీ అనలేదు. నేనన్న మాట నాకు గుర్తుంది కదా. మొన్న ఇంటావిడ, మీ మంచం విరిగిందా అమ్మా, మా దగ్గర ఒకటి ఖాళీగా ఉంది అంది. మంచి మనసుతోనే అడిగిందో ఏమో. తల ఎత్తలేకపోయాను.

మెట్లెక్కేటప్పుడు చూడాలి. మలుపు దగ్గర ఆగుతారు. అక్కడి కిటికీ ఊచలు పట్టుకుని కింద ఉన్న కారుని చాలాసేపు చూస్తారు. పైకొచ్చేటప్పుడే అలా. దిగేటప్పుడు ఆగరు. ఎందుకాగుతారు, దాని దగ్గరికే వెళ్తున్నప్పుడు?

బూట్లు కూడా మానేశారు. కాళ్ళకి గాలి తగలాలని సైజు పెద్ద చెప్పులు కొనుక్కున్నారు. ఫ్యాక్టరీ రొట్టెలు తిని తిని కాళ్ళు కూడా ఒళ్ళు చేశాయి. నేను నవ్వితే ఆయన నవ్వలేదు.

నా ఉద్దేశం ఇది. ఆ చిరుగుని నా చేత్తో నేనే బాగు చేస్తే, ఆ కారు మీద నాకు పగ లేదని ఆయనకి తెలుస్తుంది. నోటితో చెప్పడం నా వల్ల కాదు, ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పుకోలేదు. అది చూసైనా పైకి వస్తారేమో. రాకపోతే ఇక ఏం చేయాలో నాకు తెలియదు.

ఎలా అంటించాలో రాయి. జోకులు తగ్గించి రాయి.

అక్క


షాపు నుంచి

అక్కా,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. ఏమైంది అలా ఉన్నావు అని మీ మరదలు అడిగితే సూది గుచ్చుకుంది అన్నాను.

పని చెప్తున్నాను, శ్రద్ధగా విను. చిరుగు వెంబడి సూదితో కుట్టకు. రెక్సిన్ బట్ట కాదు, కుట్టిన ప్రతి కన్నం దగ్గరా మళ్ళీ చిరుగుతుంది. ముందు అంచుల్లో వేలాడే పోగులు కత్తిరించు. పాత జీన్సు ప్యాంటు ఉంటే దాన్నుంచి ముక్క కోయి, చిరుగు కంటే అన్ని వైపులా రెండు వేళ్ళ వెడల్పు ఎక్కువ ఉండాలి. దాన్ని తలపిన్నుతో చిరుగు లోపలికి తోసి, రెక్సిన్ కింద ముడతలు లేకుండా పరచు. తర్వాత అంచులు ఎత్తి లోపల జిగురు రాయి. నేను ఈ ఉత్తరంతో పాటు ఒక గొట్టం పార్సిల్ చేస్తున్నాను. మధ్యాహ్నం ఎండలో చెయ్యి, అప్పుడు రెక్సిన్ మెత్తగా ఉండి మాట వింటుంది. రెండు అంచులూ దగ్గరికి లాగి, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చూసి, మీద బరువు పెట్టు. ఆ రేకు పెట్టె పెట్టు, ఇప్పటికైనా దానికి డ్రైవరు సీటు దక్కుతుంది.

జిగురు రాసే ముందు స్పిరిట్‌తో తుడవాలి. మామూలు దుకాణాల్లో దొరికేది పనికిరాదు. మీ వీధి చివర డాక్టరు ఉన్నాడన్నావు కదా ఒకసారి, ఆయన దగ్గరికి నువ్వే వెళ్ళి అడుగు. ఎందుకు, ఏమిటి, ఎవరి సీటు అని అంతా చెప్పు. ఆయన ఏ వేళలో ఉంటాడో కూడా తెలుసుకో, జిగురు చేతికి అంటితే పనికొస్తాడు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. ఇది చాలా మొండి జిగురు. రెండు రోజులు సీటు మీద ఎవరూ కూర్చోకూడదు. వేలు కూడా పెట్టకూడదు. బావ డ్యూటీకి ఆ రెండు రోజులూ బస్సులో వెళ్ళాలి, నిద్ర పైనే పోవాలి. కాగితం మీద రాసి సీటుకి అంటించు.

ఇక్కడ మా దగ్గరికి ఒక డ్రైవింగ్ స్కూలు మేష్టారు వస్తుంటాడు. ఆయనా ఇంతే, ఇంట్లో మాటా మాటా వచ్చి కారులోనే పడుకోవడం మొదలుపెట్టాడు. వాళ్ళావిడ కూడా నీలాగే సీటు బాగు చేసింది. ఆయన లోపలికొచ్చి పడుకున్నాక, ఆవిడ నిద్రపోకుండా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని చూసిందట. మనిషి నిద్రపోతుంటే చూస్తే కోపం ఉందో లేదో తెలిసిపోతుందట. నువ్వూ చూడు. పక్క గదిలోకి వెళ్ళకు. వంటపని పెట్టుకోకు.

ఇంకొకటి. ఇన్నాళ్ళు కూర్చుని నిద్రపోయిన మనిషి, ఒక్కసారి చాప మీద పరిచినట్టు పడుకుంటే నడుం పట్టేస్తుంది. మూడు దిళ్ళు ఎత్తుగా పెట్టు. ఇది కూడా పనిలో భాగమే. నవ్వకు.

ఎలా పడుకున్నాడో వెంటనే రాయి.

తమ్ముడు


పైవాటా, ముందు గది కిటికీ దగ్గర

ఒరేయ్,

అంటించాను. నిన్న ఫ్యాక్టరీ బస్సు వచ్చి మీ బావని మధ్యాహ్నమే డ్యూటీకి తీసుకెళ్ళింది, కారు ఇక్కడే ఉండిపోయింది, ఆ ఎండలోనే పని కానిచ్చాను. నువ్వు చెప్పినట్టే వచ్చింది. దగ్గరికెళ్ళి చూస్తే తప్ప గీత కనపడదు. డాక్టరు స్పిరిట్ ఇచ్చి, కారు సీటుకి వైద్యం చేయించడానికి వచ్చిన మొదటి మనిషిని నేనే అన్నారు. సబ్బునీళ్ళు చాలేమో అని కూడా అన్నారు, మా తమ్ముడికి మీకంటే బాగా తెలుసు అన్నాను.

ఇందాకే మీ బావ బస్సు దిగి వచ్చారు. కారు తలుపు తీసి, నేనంటించిన కాగితం చదివి, అలాగే నిలబడిపోయారు. సీటు మీద చెయ్యి ఆనించబోయి వెనక్కి తీసుకున్నారు. తర్వాత తలెత్తి కిటికీ వైపు చూశారు. నేనే చేశాను అన్నాను. నువ్వా, అన్నారు. ఆ ముఖం నువ్వు చూసి ఉండాల్సింది. రెండు రోజులు ఎవరూ కూర్చోకూడదట అన్నాను. రెండు రోజులా అని, నెమ్మదిగా మెట్లెక్కి వచ్చారు.

ఇప్పుడు స్నానం చేస్తున్నారు. ఉతికిన దుప్పటి పరిచాను. మూడు దిళ్ళూ చూసి, మీ తమ్ముడు నన్ను కూడా సీటే అనుకుంటున్నాడా అని రెండు తీసి నా మీదకి విసిరారు. నేనూ నవ్వాను. ఆ గదిలో ఇద్దరం నవ్వి ఎన్నాళ్ళయిందో. ఇంటావిడ బజారుకి వెళ్తోంది, డబ్బాలో వేయమని ఇది ఆవిడ చేతికిస్తున్నాను. చదవకుండా వేస్తుందనే ఆశ.

నువ్వు చెప్పినట్టు పక్కనే కూర్చుంటాను. నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదురా. ఆ జిగురు మంచిది.

అక్క


ఆసుపత్రి, పై అంతస్తు వరండా

ఒరేయ్,

మీ బావ బతికే ఉన్నారు. ముందు అది చదువు, తర్వాత మిగతాది చదువు.

ఆ రోజు నీకు ఉత్తరం పంపి గదిలోకి వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని ఉన్నారు. పడుకోండి అన్నాను. పడుకుంటాలే, నువ్వు ఇంత చేసినప్పుడు అని, ఒక్క దిండు మీద తల పెట్టి వెల్లకిలా పడుకున్నారు. నా చెయ్యి పట్టుకున్నారు. చాలా గట్టిగా పట్టుకున్నారు, ప్రేమ అనుకున్నాను. కళ్ళు మూసుకున్నారు, నిద్ర అనుకున్నాను. కాసేపటికి ఎవరో వెనకనుంచి తోసినట్టు లేచి కూర్చున్నారు. నోరు తెరిచారు, మాట లేదు. పరిగెత్తినట్టు కిటికీ దగ్గరికెళ్ళి ఊచలు పట్టుకున్నారు. ఛాతీలో ఏదో ఉడుకుతున్న చప్పుడు నాకు గుమ్మం దాకా వినపడింది. పెదాలు నీలంగా అయిపోయాయి.

చెప్పులు లేకుండా వీధి చివరికి పరిగెత్తాను. డాక్టరు గుర్తుపట్టారు, సీటు ఆవిడే కదా అని. సంచీ తీసుకుని నాతో పాటే పరిగెత్తారు. సూది మందు వేసి ఇక్కడికి తీసుకొచ్చారు. గుండె బలహీనపడిందట, సరిగా కొట్టుకోక ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందట, కాళ్ళలోదీ ఆ నీరేనట. ఎన్నాళ్ళుగా కూర్చుని నిద్రపోతున్నారు అని ఇక్కడి పెద్ద డాక్టరమ్మ అడిగితే, సీటు చిరిగేంత కాలంగా అన్నాను. ఆవిడ నవ్వలేదు. రాసుకుంది. ఇంకా ఆలస్యం అయితే ఏదో ఒక రోజు ఆ స్టీరింగ్ మీదే ప్రాణం పోయేది అంది.

నిన్న ఆయన కాస్త మాట్లాడారు. మంచాన్ని తల వైపు ఎత్తి పెట్టారు, కూర్చున్నట్టే పడుకున్నారు. ఎందుకు చెప్పలేదు అని అడిగాను.

"పడుకుంటే నీళ్ళలో ముంచినట్టు ఉండేదే. కూర్చుంటే తేలేవాడిని. చెప్తే అది నిజమైపోతుందని భయం."

"మరి నేను కారు గురించి అన్న మాటకి కోపం వచ్చి దిగిపోయారనుకున్నానండీ."

"కోపమా? నువ్వు ఆ మాట అనగానే, అమ్మయ్య, మంచి సాకు దొరికింది అనుకున్నా."

అంతే అన్నారు. నేను ఎండాకాలమంతా ఆ ఒక్క మాటని నెత్తిన పెట్టుకుని తిరిగాను. ఆయనకి అది దుప్పటిలా పనికొచ్చింది.

ఇప్పుడు నీ సంగతి. ఈ వరండాలో కూర్చుని నీ ఉత్తరం మళ్ళీ తీశాను. జిగురు గురించి రాసేవాడివి దిళ్ళ గురించి ఎందుకు రాశావు? డాక్టరు దగ్గరికి నన్నే ఎందుకు వెళ్ళమన్నావు? ఆయన సబ్బునీళ్ళు చాలన్నారు. పక్కనే కూర్చోమని, వంటపని పెట్టుకోవద్దని ఎందుకు రాశావు? నీకు తెలుసు. తెలిసి నాకు డ్రైవింగ్ స్కూలు కథలు రాశావు. దిళ్ళు విసిరేసినప్పుడు నేను నవ్వాను. అవి ఎందుకో తెలిసి ఉంటే విసరనిచ్చేదాన్నా? ఒక్క బస్సు ఎక్కి రాలేకపోయావా?

నువ్వు రాసిన వాటిలో ఏది నిజం, ఏది నీ కల్పన, ఇప్పుడు రాయి. ఒక్క జోకు కనపడితే చింపేస్తాను.

అక్క


షాపు నుంచి

అక్కా,

అడిగినట్టే రాస్తున్నాను.

తెలుసు అనలేను. అనుమానం ఉంది. నీ ఉత్తరంలో పిడి దుమ్ము పట్టి బిగుసుకుపోయింది అని చదివిన చోట ఆగిపోయాను. కారులో పడుకునే మనిషి ముందు చేసే పని సీటు వెనక్కి వాల్చడం. కోపం ఉన్నవాడు ఇంకా బాగా వాలుస్తాడు, హాయిగా ఉన్నానని పెళ్ళాం చూడాలని. బావ ఒక్కసారి కూడా వాల్చలేదు. ముందు అంచు మీదకి జరిగి, స్టీరింగ్ మీదకి వంగి కూర్చున్నాడు. అందుకే ముందు స్పాంజి అణిగింది, వెనకది కొత్తగా ఉంది. తర్వాత మెట్ల మలుపు, చెప్పులు. ఎక్కేటప్పుడే ఆగుతాడు అని నువ్వే రాశావు.

అలాంటి చిరుగు నేను మొదట చూసింది నాన్న కుర్చీకి. షాపుకి తీసుకెళ్ళిన రోజు మా ముసలి మేస్త్రీ దాని ముందు అంచు తడిమి, మీ నాన్న పడుకోడా అని అడిగాడు. దొంగ కోసం కాపలా కాస్తాడు అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. ఆ తర్వాత అలాంటివి ఇంకొన్ని నా చేతికొచ్చాయి. బాగు చేసి ఇచ్చాను. తిరిగి తీసుకోవడానికి కొన్నిసార్లు ఆ మనిషి కాక కొడుకో కూతురో వచ్చేవాళ్ళు. అప్పటికి నాకు అర్థమైంది. నాన్న చివరి ఏడాది పడుకోలేకపోయాడు అక్కా. దొంగ లేడు. ఆ కథ నేను అల్లింది కాదు, నాన్న అల్లింది. మనిద్దరం భయపడకుండా.

బస్సెక్కి రావాల్సింది. రాలేదు. బావకి గుండె జబ్బేమో అని నీకు రాస్తే, కాకపోతే ఏం చేయాలి అనుకున్నాను. నేను సీట్లు కుట్టేవాడిని. బావతో చెప్తే నవ్వి కొట్టిపారేస్తాడు అనుకున్నాను. ఇవి సాకులు. బావ అన్న మాటే నాదీ. వస్తే నిజమైపోతుందని భయం వేసింది. అందుకని ఇక్కడే కూర్చుని, నువ్వు చూసేలా, డాక్టరు దగ్గర్లో ఉండేలా, నాకు తెలిసిన పద్ధతిలో ఏర్పాటు చేశాను. బావ నీ మీద ప్రేమతో దిళ్ళు విసిరేసి వెల్లకిలా పడుకుంటాడని నాకు తట్టలేదు. నువ్వు పరిగెత్తకపోయి ఉంటే బావ నా జిగురు వల్లే పోయేవాడు. అది నేను మర్చిపోను.

ఇక కల్పించినవి. జిగురు గంటలో ఆరిపోతుంది, రెండు రోజులు అన్నది అబద్ధం. స్పిరిట్ అక్కర్లేదు, డాక్టరు చెప్పిందే నిజం, సబ్బునీళ్ళు చాలు. డ్రైవింగ్ స్కూలు మేష్టారు లేడు, వాళ్ళావిడ కూడా లేదు. మాట్లాడని మొగుళ్ళ సీటు ఒక పక్కే అణుగుతుంది అన్నది లేదు. దిళ్ళు నడుం కోసం కాదు. నాకు సూది గుచ్చుకోలేదు. కుట్టొద్దని, జీన్సు ముక్క లోపల పెట్టమని, ఎండలో చెయ్యమని రాసింది నిజం. నువ్వు వేసిన అతుకు నిలుస్తుంది.

రేపు పొద్దున బస్సుకి వస్తున్నాను. మీ మరదలికి అంతా చెప్పాను, తనూ వస్తోంది. సీటు పిడి తుప్పు వదిలించి, వాలేలా చేసి వస్తాను. బావకి ఇక మీద అది కూర్చోవడానికే.

స్టూలు విరగలేదు. దాని మీదే కూర్చుని ఇది రాస్తున్నాను. కుంటుతున్న మాట మాత్రం నిజం. బయల్దేరే ముందు మేకు కొట్టి వస్తాను.

తమ్ముడు